ఎవరు పెడుతున్నారు, ఎన్నింటికి?

అంగన్‌వాడీ టీచరంటే పిల్లలతో పాటలు పాడించి, మధ్యాహ్నం అన్నం పెట్టి ఇంటికి పంపే మనిషని చాలామంది అనుకుంటారు. పాటలూ ఉన్నాయి, అన్నమూ ఉంది. కానీ హైదరాబాద్‌లో కొండాపూర్‌కీ గచ్చిబౌలికీ నడుమనున్న మా బస్తీలో నా పొద్దులో సగానికి పైగా వేళలు కుదర్చడానికే సరిపోతుంది. కేంద్రంలో పాలుంటాయి, గుడ్డుంటుంది, ఆకుకూర పప్పు ఉంటుంది. తినాల్సిన తల్లి మాత్రం ఆ గంటకి ఏ పదో అంతస్తులోనో నేల తుడుస్తూ ఉంటుంది. ఆమె ఇల్లు చేరేసరికి మా పొయ్యి చల్లారిపోతుంది. బస్తీల్లో పోషకాహారం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా డబ్బు గురించి, అవగాహన గురించి మాట్లాడతారు. డబ్బు మాట నిజమే. అవగాహన మాట మాత్రం నేను అంతగా ఒప్పుకోను. గుడ్డు మంచిదని, ఆకుకూర తినాలని తెలియని తల్లి నాకు ఇంతవరకు తగల్లేదు. ఆ గుడ్డు ఉడకబెట్టే గంట ఆమె చేతిలో లేదు.

1998 నవంబరులో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టుపక్కల మాదాపూర్, గుట్టల బేగంపేట, ఖానామెట్, రాయదుర్గం, నానక్‌రాంగూడ అన్నీ ఇంకా ఊళ్ల లెక్కే. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. అద్దాల మేడలు లేచినకొద్దీ వాటిని కట్టేవాళ్లొచ్చారు. కట్టడం అయ్యాక తుడిచేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, క్యాంటీన్లలో అంట్లు తోమేవాళ్లు, అపార్టుమెంట్లలో వంట చేసేవాళ్లు వచ్చారు. పాలమూరు, నారాయణఖేడ్, శ్రీకాకుళం, రాయచూరు, ఒడిశా, బిహార్, జార్ఖండ్: మా రిజిస్టరు తిరగేస్తే ఇన్ని చోట్ల పేర్లు కనిపిస్తాయి. ఒకటే గది, పైన రేకులు, మూలకి గ్యాసు పొయ్యి. ఫ్రిజ్ ఉన్న ఇళ్లు తక్కువ. కాబట్టి కూర వండితే ఆ పూటకే, పాలు కొంటే ఆ పూటకే.

ఇళ్లలో పనిచేసేవాళ్లు ఆరున్నరకల్లా మొదటి ఇంటి బెల్లు కొట్టాలి. ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ మొదటి షిఫ్టు ఆరింటికో ఏడింటికో మొదలై మూడు దాకా. రెండో షిఫ్టు మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా. సెక్యూరిటీ గార్డుకి పన్నెండు గంటల డ్యూటీ. మేస్త్రీ పనికి పోయేవాళ్లు ఏడున్నరకి అడ్డా మీద లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. మా కేంద్రం తెరిచేది వీళ్లలో ఎక్కువమంది వెళ్లాక, మూసేది వీళ్లలో చాలామంది తిరిగి రాకముందు. 1975 అక్టోబరు 2న దేశంలో అంగన్‌వాడీలు మొదలైనప్పుడు ఈ వేళలు పెట్టినవాళ్ల మనసులో బహుశా ఊరే ఉండి ఉంటుంది. పొలం పనికి పోయినా మధ్యాహ్నం ఇంటికొచ్చి పోయే తల్లి అక్కడ ఉంటుంది. ఇక్కడ అలా వచ్చిపోవడం కుదరదు. ఒకసారి లోపలికి పోతే షిఫ్టు అయ్యేదాకా గేటు దాటనివ్వరు.

దీని దెబ్బ అందరికంటే ముందు తగిలేది గర్భిణులకు. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి నడుస్తోంది. గర్భిణికి, బాలింతకు ఒక పూట నిండు భోజనం, ఒక కోడిగుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంటికిచ్చే సరుకు కాదిది. కేంద్రానికొచ్చి, మా కళ్ల ముందు కూర్చుని తినాలి. ఈ నియమం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటికిస్తే ఆ గుడ్డు మామ కంచంలోకో పెద్దకొడుకు కంచంలోకో పోతుంది. నిండు నెలల్లో ఉన్న కోడలు అందరికీ పెట్టి అడుగున మిగిలింది తినడం ఈ కాలంలో కూడా చూస్తున్నాను. కేంద్రంలో నలుగురు ఆడవాళ్ల నడుమ కూర్చుంటే ఆమె తినేది ఆమెదే. అయితే వచ్చే వీలుంటేనే కదా ఏ నియమమైనా.

"ఆరింటికి లోపల ఉండాలె టీచర్. మీ అన్నం పన్నెండింటికి. నేను యాడికెళ్లి రావాలె?" అని ఒకామె అడిగింది. పాలమూరు నుంచి వచ్చిన కోడలు. అప్పటికామెకు ఐదో నెల, రక్తం ఎనిమిది దగ్గరుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర బోధన ఏమీ లేదు. ఆ సాయంత్రం వాళ్ల హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ ఇంటికి వెళ్లాను. ఆమె ఉండేదీ పక్క సందులోనే, ఆమె పిల్లలిద్దరూ మా కేంద్రంలో చదివినవాళ్లే. "ప్రసవం దాకా ఈ పిల్లని రెండో షిఫ్టులో వెయ్యి అక్కా" అని అడిగాను. రెండో షిఫ్టయితే పన్నెండింటికి తిని, పాలు తాగి, ఒంటిగంటకి బయల్దేరొచ్చు. ఆమె ఒప్పుకుంది. అప్పటినుంచి బస్తీలో ఎవరికి నెల తప్పినా నేను ముందు అడిగేది షిఫ్టు సంగతే.

దీనికీ ఒక ఖర్చుంది. రెండో షిఫ్టు విడిచేది రాత్రి పదింటికి. ఆ చీకట్లో బస్సుకోసం నిలబడటం కడుపుతో ఉన్నామెకు క్షేమం కాదు. అందుకని ఇద్దరిద్దర్ని ఒకే షిఫ్టులో వేయించి, షేర్ ఆటోలో కలిసి రమ్మంటాం. జంట దొరకనప్పుడు మొదటి షిఫ్టులోనే ఉంచి, మా ఆయా మధ్యాహ్నం భోజనం విడిగా తీసి పెడుతుంది. పాల ప్యాకెట్టు విప్పకుండా, గుడ్డు పెంకు తీయకుండా, పప్పు మళ్లీ కాచి. మూడున్నరకి ఆమె చెమటతో వచ్చి కూర్చుంటుంది. ఆయాకి ఇంటికి పోయే పొద్దు అవుతున్నా ఆమె తినేదాకా కదలదు. ఈ పని ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. మా పనిలో అన్నిటికంటే విలువైనది ఇదేనని నా అభిప్రాయం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలు 33.1 శాతం. సమావేశాల్లో ఈ అంకెలు చదివినప్పుడు నాకు మా బస్తీ పొద్దుటి పూట గుర్తొస్తుంది. ఐదింటికి లేచి, నల్లా వస్తే నీళ్లు పట్టి, పిల్లల డబ్బా కట్టి, గ్లాసు చాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకుని బయటపడటం. మళ్లీ మధ్యాహ్నం రెండు దాటాక అన్నం, ఎల్లిపాయ కారం, పలుచని చారు. ఐరన్ మాత్రలు ఇస్తే చాయ్‌తోనే మింగేవాళ్లు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మేమంటున్నది చాయ్ మానమని కాదు. రోజంతా నిలబడి పనిచేసే మనిషికి అదొక్కటే ఆసరా. చాయ్‌ని తిండికీ మాత్రకీ గంట దూరం జరపమంటాం. పప్పులో నిమ్మకాయ పిండుకోమంటాం. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు పెట్టిన ఆచారం ఉందిగా, దాన్ని ఆ నెలతో ఆపొద్దంటాం. మా కేంద్రం వెనక ఒక మునగచెట్టు ఉంది. దానికి తాళం లేదు, ఎవరైనా కోసుకోవచ్చు. ఆకు దూయడానికి మాత్రం అరగంట పడుతుంది. అందుకే మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు నేనూ ఆయా దూసి, గుప్పెడు గుప్పెడు కాగితంలో చుట్టి ఉంచుతాం. కొమ్మ ఇస్తే ఎండిపోయింది. దూసిన ఆకు ఇస్తే వండుతున్నారు.

బియ్యం సంగతి వేరే కథ. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటన తర్వాత రేషన్‌కూ బడులకూ మాకూ పోషకాలు కలిపిన బియ్యం రావడం పెరిగింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి, మళ్లీ గింజలుగా ఒత్తి, వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఆ గింజ చూడ్డానికి కాస్త తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. ఇంకేం, ప్లాస్టిక్ బియ్యం పంపిండ్రని బస్తీ అంతా ఫోన్లలో వీడియోలు. ముసలమ్మలు చేటలో పోసుకుని ఒక్కో గింజా ఏరి పారేశారు. ఇనుము ఉన్న గింజలే ఏరి పారేస్తున్నారు! ప్రభుత్వ కాగితం చదివి వినిపిస్తే ఎవరూ నమ్మరని నాకు తెలుసు. ఏరిన గింజల్ని ఒక గిన్నెలో అందరి ముందు ఉడికించాం. మెతుకైంది, వేలితో నొక్కితే నలిగింది. అందరికంటే గట్టిగా వాదించిన అవ్వ చేతికే గిన్నె ఇచ్చి నొక్కమన్నాం. "ప్లాస్టిక్ గిట్లయితే సాగాలె గదనే" అని ఆమే మిగతావాళ్లకి చెప్పింది. తర్వాత ఆ మాట నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. బియ్యాన్ని నాలుగైదు నీళ్లు కడగొద్దని, గంజి పారబోయొద్దని మాత్రం ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

ఇక ఏడో నెల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు. నా గుండె ఎక్కువ కొట్టుకునేది వీళ్ల కోసమే. మూడేళ్లు దాటినవాళ్లు కేంద్రానికొస్తారు, నా కళ్లముందు తింటారు. వీళ్లు ఇంట్లో ఉంటారు. వీళ్లకి నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు, పదహారు గుడ్లు ఇస్తాం. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ తయారుచేసే పొడి ఇది. వేడి నీళ్లలో కలిపితే చాలు, వంట అక్కర్లేదు. రోజుకు వంద గ్రాముల లెక్క. ఏడాది బిడ్డ పొట్ట ఎంత? ఆ బిడ్డ పిడికిలంత. ఒక్కసారి ఎక్కువ పట్టదు, అందుకే కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. తల్లి ఆరింటికి పోయి నాలుగింటికి వస్తే ఆ నాలుగైదుసార్లు పెట్టేది ఎవరు?

బరువు పెరగని బిడ్డ ఇంటికి పోయినప్పుడు ఏం పెడుతున్నారని అడిగితే సరైన జవాబే వస్తుంది. "బాలామృతం పెడుతున్నా మేడం, గుడ్డు పెడుతున్నా." అబద్ధం కాదు, ఇంట్లో ప్యాకెట్టు విప్పే ఉంటుంది. అందుకే నేను అడిగే ప్రశ్న వేరు. ఎవరు పెడుతున్నారు, ఎన్నింటికి? అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. పెడుతున్నది బడి మానేసిన తొమ్మిదేళ్ల అక్క కావచ్చు, రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రలో ఉన్న నాన్న కావచ్చు. ఎక్కువసార్లు ఆ సందులోనే ఉన్న ఒక ముసలామె. తల్లులందరూ రోజుకింతని ఆమె చేతిలో పెట్టి పిల్లల్ని వదిలిపోతారు. అలాంటి ఒకామె దగ్గర ఐదారుగురు పిల్లలు. ఆమె శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చింది. "ఏటి సేత్తానమ్మా, ఒకడు ఏడిత్తే ఇంకోడు ఏడుత్తాడు, బిస్కట్టు సేతికిత్తే ఊరుకుంతారు" అంది. ఆమె పిల్లల్ని ప్రేమగానే చూసుకుంటుంది. ఎవరి డబ్బా ఏదో, ఎవరికి ఎంత పెట్టాలో ఆమెకు గుర్తుండదు, చదువు రాదు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలు తెప్పించి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టాం, అదే రంగు దారం పిల్లాడి మొలతాడుకీ కట్టాం. ఫ్లాస్కులో కాచిన నీళ్లు తల్లి పొద్దున్నే పోసి పోతుంది. టీవీలో ఒక సీరియల్ అయిపోగానే ఒక విడత, మసీదులో మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడగానే రెండోది, బడి పిల్లలు తిరిగొచ్చే వేళకి మూడోది. గడియారం చూడటం రాని మనిషికి ఈ గుర్తులు తప్పలేదు. నెల నెలా తూకాల్లో ఆ ఇంటి పిల్లల గీత పైకి జరగడం నేను నా కలంతో గీశాను.

శిక్షణలన్నీ తల్లులకే పెడతారు. పిల్లల్ని చూసుకునే ఈ అవ్వలకు ఒక్క గంట శిక్షణ పెట్టిన సర్క్యులర్ నా చేతికి రాలేదు. తల్లుల సమావేశం రోజున నేను వాళ్లనీ పిలుస్తాను.

చేతి చుట్టుకొలత టేపు పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఎరుపు చూపిస్తే అది తీవ్రమైన లోపం. జ్వరమో విరేచనాలో తోడైతే నీలోఫర్ ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. అక్కడ మంచి వైద్యం దొరుకుతుంది, దాదాపు రెండు వారాలు ఉండాలి. తల్లి ఆ రెండు వారాలు పనికి పోకపోతే ఆమె చేసే ఇళ్లలో వేరే మనిషి చేరిపోతుంది. అందుకే ఒప్పించడం కష్టం. ఆమె పనిచేసే ఇళ్లకు చెల్లెలినో తోటికోడలినో బదులు పంపే ఏర్పాటు ముందు చేసి, తర్వాత ఆసుపత్రి మాట ఎత్తుతాను. వరస తప్పితే పని జరగదు.

బస్తీ కిరాణా దుకాణం ముందు ఐదు రూపాయల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడతాయి. చిప్స్, కారం గొట్టాలు, క్రీమ్ బిస్కెట్లు. పనికి పోయే తల్లి ఏడ్చే పిల్లాడి చేతిలో ఐదు రూపాయలు పెట్టి పోతుంది. దీని మీద తల్లుల్ని తిట్టేవాళ్లున్నారు, నేనొప్పుకోను. ఆ ప్యాకెట్టుకి పొయ్యి అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, పెద్దమనిషి తోడు అక్కర్లేదు, నాలుగేళ్ల పిల్లాడు తనే చింపుకుని తింటాడు. దుకాణాయనతో మాట్లాడాను. "అరటిపండ్లు పెట్టు భయ్యా, పల్లిపట్టీలు ముందుకు జరుపు" అన్నాను. ఆయన సూటిగా లెక్క చెప్పాడు. ప్యాకెట్టు నెలలు నిల్వుంటుంది, అరటిపండు రేపటికి నల్లబడుతుంది, ఆ నష్టం ఎవరు భరించాలి? న్యాయమైన మాట. పల్లిపట్టీల సీసా మాత్రం పిల్లలకు కనబడేచోట పెట్టాడు, అవి నిల్వుంటాయి గనక. అసలు దారి మాత్రం వేరే చోట దొరికింది. మా బస్తీలోనే ఒకామె సాయంత్రం నాలుగింటికి గుడాలు ఉడికించి అమ్ముతుంది. శనగలు, బొబ్బర్లు, ఒక్కోరోజు పెసలు, పైన ఉల్లిపాయ, నిమ్మరసం. పొట్లం పది రూపాయలు. చిన్న పొట్లం ఐదు రూపాయలకు కట్టమని అడిగాం, కట్టింది. ఐదు రూపాయల నాణెం పట్టుకున్న పిల్లాడికి ఇప్పుడు ఎంచుకోవడానికి రెండున్నాయి. గుడాలు మొత్తం అయిపోయే రోజు అరుదు కాబట్టి మొత్తం గెలిచామని చెప్పను. కానీ అమ్ముడవుతున్నాయి.

ఐదు రూపాయలకే భోజనం కూడా ఉంది. 2014లో గ్రేటర్ కార్పొరేషన్, హరే కృష్ణ మూవ్‌మెంట్ వాళ్లు కలిసి అన్నపూర్ణ కేంద్రాలు మొదలుపెట్టారు. నార్సింగిలోని పెద్ద వంటశాలలో వండి, వేడి తగ్గని డబ్బాల్లో ఊరంతా పంపుతారు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి. ఆటో డ్రైవర్లకి, అడ్డా కూలీలకి, ఆసుపత్రులకొచ్చేవాళ్లకి ఇది ఎంత పెద్ద ఆదరువో ఆ క్యూ చూసినవాళ్లకే తెలుస్తుంది. 2025లో వీటి పేరు ఇందిరమ్మ క్యాంటీన్లయింది. సెప్టెంబరు 29న మోతీనగర్‌లో, మింట్ కాంపౌండ్‌లో పొద్దుటి టిఫిన్ కూడా మొదలైంది. తినేవాళ్లు ఇచ్చేది ఐదు రూపాయలు, మిగతా పద్నాలుగు కార్పొరేషన్ భరిస్తుంది. చిరుధాన్యాల ఇడ్లీ, ఉప్మా కూడా పెట్టారు. చాయ్ బిస్కెట్‌తో రోజు మొదలుపెట్టే మనుషులకు అంతకంటే కావలసిందేముంది? నేను చూసినంతలో ఆ క్యూల్లో మగవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లు నడిరోడ్డు పక్కన నిలబడి తినడానికి ఇష్టపడరు, పైగా మధ్యాహ్నం ఆ వేళకు డ్యూటీలో ఉంటారు. టిఫిన్ దగ్గర ఒక బల్ల, ఒక మరుగు, ఒక నల్లా ఉంటే మా ఆడవాళ్లూ వస్తారు.

కూరగాయల విషయంలో ఎవరూ పథకం వెయ్యకుండానే వేళ కుదిరిన చోటు ఒకటుంది. వారానికోసారి రోడ్డు పక్కన పెట్టే అంగడి. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు గొప్ప ఆలోచన, ధరలు తక్కువే. మాకు దగ్గరున్నది కూకట్‌పల్లిది. అక్కడికి రానూపోనూ ఛార్జీ, గంటన్నర సమయం లెక్కేస్తే ఇరవై రూపాయల కూరగాయలు కొనేవాళ్లకి గిట్టదు. అంగడి మాత్రం సాయంత్రం ఐదింటికి బల్బులు వేలాడదీసుకుని మొదలై, రెండో షిఫ్టు వాళ్లు దిగే దాకా ఉంటుంది. తొమ్మిది దాటాక ఆకుకూర మిగుల్చుకోరు. పుంటికూర, పాలకూర, కొయ్యగూర, గంగవాయిలకూర, మొదట్లో చెప్పిన ధరలో సగానికే ఇచ్చేస్తారు. 2023 వర్షాకాలంలో టమాటా ధర కిలో వంద దాటిపోయినప్పుడు మా బస్తీ వాళ్లు చింతచిగురుతో, పుంటికూరతో పప్పు నెట్టుకొచ్చింది ఈ అంగడి దయవల్లే. రోడ్డు వెడల్పు చేస్తామని, ట్రాఫిక్‌కి అడ్డమని దీన్ని లేపాలనే మాట అప్పుడప్పుడూ వస్తుంటుంది. పది నిమిషాల్లో గుమ్మంలోకి కూరగాయలు తెచ్చే యాప్‌లున్నాయిగా అని ఒకాయన నాతో అన్నాడు. ఆ సంచులు మోసే కుర్రాళ్లు మా బస్తీలోనే ఉంటారు. వాళ్ల ఇళ్లలో వాళ్లమ్మలు కొనేది పది రూపాయల కూర, రెండు ఆలుగడ్డలు, చేతికొచ్చే చిల్లర పచ్చిమిరపకాయలు. అంత చిన్న కొలతకి అమ్మేది అంగడే. ఈ నగరంలో ఒక రోడ్డు పక్క కాసింత జాగా వారానికి ఒక రాత్రి పేదవాళ్ల కూరగాయలకు రాసివ్వాలని నేను ఎక్కడైనా అడుగుతాను.

2020 లాక్‌డౌన్‌లో వేళలన్నీ తారుమారయ్యాయి. అందరూ ఇళ్లలోనే ఉన్నారు, తిండి లేదు. మా కేంద్రం మూతపడి, గుడ్లు, పాలు, బియ్యం గడప గడపకీ మోశాం. వలస కార్మికులకు మనిషికి పన్నెండు కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్రప్రభుత్వం ప్రకటిస్తే, పేర్లు రాసుకోవడానికి రేకుల షెడ్లకు వెళ్లాను. అంతవరకూ ఆ షెడ్ల ప్రహరీ లోపలికి నేనే అడుగుపెట్టలేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు కట్టడాల వెనక వరసలు వరసలుగా షెడ్లు, వాటిలో చంటిపిల్లలు, ఏ అంగన్‌వాడీ రిజిస్టరులోనూ లేనివాళ్లు. మే 1న మన లింగంపల్లి స్టేషన్ నుంచే జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోని మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది, దాదాపు 1,200 మందితో. అందులో ఎక్కినవాళ్ల గురించి ఆ రోజు దేశమంతా మాట్లాడుకుంది. వాళ్లలాంటి వాళ్లు తిరిగొచ్చాక వాళ్ల పిల్లలు ఏం తింటున్నారో అడిగే మనుషులు తక్కువ.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో, యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు ఒక గది పెట్టాలని రాశారు. రెండువందల యాభై మంది కూలీలుంటే క్యాంటీన్ పెట్టాలని రాశారు. 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణ యాభై మంది ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంది. ఈ ఐటీ కారిడార్‌లోని అద్దాల మేడల్లో క్రెష్‌లున్నాయి, రంగురంగుల బొమ్మలున్నాయి. ఆ మేడల్ని తుడిచే మా ఆడవాళ్ల పిల్లలు వాటిలో ఆడుకోవడం నేను చూడలేదు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు కదా, లెక్కలోకి రారు. నాకు తెలిసి పోషకాహారానికి దీన్ని మించిన పథకం అక్కర్లేదు: తల్లి పనిచేసే చోటికి బిడ్డ రావాలి, మధ్యాహ్నం ఆమె పది నిమిషాలు దిగొచ్చి పాలివ్వాలి. 2022 నుంచి పాల్నా పేరుతో అంగన్‌వాడీనే క్రెష్‌గా మార్చి ఎక్కువ గంటలు తెరిచి ఉంచే ఏర్పాటు వచ్చింది. అది ఈ కారిడార్ బస్తీలన్నిటికీ రావాలి, అదనపు గంటలకి అదనపు మనుషులతో సహా. ఉన్న ఆయా మీదే రెండు షిఫ్టులు వేస్తే ఆమె ఆరోగ్యం ఎవరు చూస్తారు?

పోషకాహార వారోత్సవాల్లో ఒకసారి బ్రెజిల్‌లోని బెలో హొరిజాంతె నగరం గురించి విన్నాను, మనసులో నిలిచిపోయింది. 1993లో ఆ నగరపాలక సంస్థ ఆహారం పౌరుల హక్కని ప్రకటించి, దానికోసమే ఒక విభాగం పెట్టింది. తక్కువ ధరకి భోజనం పెట్టే పెద్ద హోటళ్లు తెరిచింది, అక్కడ గుమస్తాలూ కూలీలూ ఒకే బల్ల దగ్గర తింటారట. నగరం నడిబొడ్డున మంచి చోటు కూరగాయల వ్యాపారులకు ఇచ్చి, బదులుగా కొన్ని రకాలు కట్టిన ధరకే అమ్మాలని, సెలవు రోజుల్లో బండ్లు పేద పేటలకు తోలుకెళ్లాలని షరతు పెట్టింది. ఆ షరతు నాకు బాగా నచ్చింది. హైటెక్ సిటీలో ఫుడ్ కోర్టుకి చోటు తీసుకునే ప్రతి వ్యాపారికీ ఇలాంటి ఒక చిన్న బాధ్యత పెడితే ఎవరికి నష్టం?

ప్రస్తుతం మా బస్తీ ఆడవాళ్లతో కలిసి ఒక కాగితం తయారుచేస్తున్నాను. ఏ ఇంటి నుంచి ఎవరు ఎన్నింటికి పోతున్నారు, ఎన్నింటికి వస్తున్నారు, చంటిబిడ్డను ఎవరికి వదులుతున్నారు అన్నది ఒక్కో ఇల్లూ తిరిగి రాస్తున్నాం. సందుకొకరు చొప్పున పదో తరగతి చదివిన ఆడపిల్లలు సాయం చేస్తున్నారు. దాన్ని జతచేసి మూడు అడగబోతున్నాం: టిఫిన్ కౌంటరు ఒకటి మా అడ్డా దగ్గర ఆరింటిలోపు తెరవాలి, మా కేంద్రం క్రెష్ కావాలి, అంగడికి జాగా ఖాయం చేయాలి. సెక్యూరిటీ వాళ్ల ఇళ్లు రాయడం ఇంకా మిగిలింది. వాళ్లు ఇంట్లో దొరికేది రాత్రి ఎనిమిది తర్వాతే, కాబట్టి మేమూ అప్పుడే వెళ్తున్నాం.